తనంతట తాను కదలదు

సెప్టెంబర్ 3, ఆదివారం

యంత్రం పూర్తయింది. ఏడు నెలలు పట్టింది. చెక్క మీద అక్షరాలైనా, పూలైనా, కంప్యూటర్లో ఏది గీసి ఇస్తే అది చెక్కుతుంది. చెప్పిన చోటికి వెళ్తుంది, చెప్పినంత లోతే దిగుతుంది. నాకు తెలిసిన మనుషులెవరూ ఇంత మాట వినరు. ఇనుప చట్రం సింగానల్లూరులో కోయించాను. మోటార్లు పార్సిల్లో తెప్పించాను. వైరింగ్ మాత్రం నా చేత్తో నేనే చేశాను. అది ఇంకొకడికి అప్పగించే పని కాదు.

ఈ కాలం వాళ్ళు ప్లాస్టిక్ పట్టీ బిగించి చేతులు దులుపుకుంటారు. మేము మైనం పట్టించిన దారంతో కట్టేవాళ్ళం. వైర్లన్నీ ఒకే జడగా, ఒకదాని పక్కన ఒకటి, ఎక్కడా ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా, రెండు వేళ్ళ ఎడానికి ఒక ముడి. పంపుల ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్ళు ప్రతి ప్యానెల్ అలాగే కట్టాను. బయటి కంపెనీల వాళ్ళు చూడటానికొస్తే మేనేజర్ కనగసభై ముందుగా నా ప్యానెల్ తలుపే తీసి చూపించేవాడు. వేలుచ్చామి జడ అని దానికి పేరు.

తిలగవతి షెడ్డులోకి వచ్చి చూసింది. నా తలకి ఒక్కనాడైనా ఇంత శ్రద్ధగా జడ వేశారా అని అడిగి వెళ్ళిపోయింది. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో నా పనికి ఆవిడ ఇచ్చిన మెప్పు అదొక్కటే.

ఆయుధపూజకి పాత ఫ్యాక్టరీ వాళ్ళని పిలుస్తాను. ఆ రోజు యంత్రానికి పసుపు కుంకుమ పెట్టి ఊరుకోవాలి, నడపకూడదు. మర్నాడు విజయదశమి పొద్దున అందరి ముందూ మొదటి కోత. కనగసభై వస్తానన్నాడు. నేను రిటైరైన రోజు మెడలో దండ వేసి గోడగడియారం ఇచ్చారు. ఆ వారంలోనే నా ప్యానెళ్ళు పీకించి కొత్తవి పెట్టించారు. వచ్చి చూడనీ.

సెప్టెంబర్ 10, ఆదివారం

టేకు ముక్క మీద పరీక్ష కోత. సగంలో పొట్టు అడ్డం పడితే పాజ్ నొక్కాను. చెక్కని కోసే ఉక్కు పుల్ల పైకి లేచి నిలబడింది. పొట్టు పీల్చే వ్యాక్యూమ్ ఆపి, చెయ్యి పెట్టి తుడవబోయాను. పుల్ల తిరుగుతూ కిందకి దిగింది. చెయ్యి లాక్కున్నాను. గోరు అంచు తెగింది, అంతే.

స్టార్ట్ బటన్ నేను నొక్కలేదు. మోచెయ్యి తగిలి ఉంటుంది. యంత్రం తనంతట తాను కదలదు.

సెప్టెంబర్ 11

మోచెయ్యి తగల్లేదు.

సెప్టెంబర్ 14, గురువారం

కంట్రోల్ కార్డుదే తప్పు. అరచేతంత ముక్క, పార్సిల్లో వచ్చింది, దాన్ని నమ్మితే అంతే. ఇంకోటి తెప్పిస్తున్నాను. ఈసారి మంచిది.

సెప్టెంబర్ 20, బుధవారం

మంచిది వచ్చింది. రెండు రోజులు పతివ్రతలా ఉంది. మూడో రోజు పాజ్‌లో ఉండగా మళ్ళీ దిగింది.

పక్కింట్లో గేట్లు చేసేవాడున్నాడు. పొద్దుటి నుంచి వెల్డింగు. ఆ మెరుపులకి మా ఇంట్లో రేడియో కూడా గరగరమంటుంది. వెళ్ళి నిలదీశాను. అతను కళ్ళజోడు పైకెత్తి, మీ యంత్రం ఎన్నింటికి దిగిందండీ అని మర్యాదగానే అడిగాడు. పదకొండుంబావుకి అన్నాను. పొద్దుటి నుంచి వాళ్ళ చెల్లెలి ఇంట్లో సీమంతంలో ఉండి మధ్యాహ్నమే షట్టరు తీశాడట. వీధంతా వింది.

ఆడలేక మద్దెల ఓడన్నాడట అని తిలగవతి గొణిగింది. నాకు వినబడాలనే గొణిగింది.

సెప్టెంబర్ 25, సోమవారం

ఎర్త్ సరిగా లేదు, అదీ సంగతి. జామచెట్టు దగ్గర ఆరడుగుల గుంత తవ్వించి, రాగి రేకు పాతి, ఉప్పు, బొగ్గు, ఉప్పు, బొగ్గు వరసలు వేయించాను. పది కిలోల కల్లుప్పు. ఊరగాయ పెడుతున్నారా అని తిలగవతి.

ఇప్పుడు ఎర్త్ ఈ వీధిలో ఎవరికీ లేనంత బాగుంది. సాయంత్రం వ్యాక్యూమ్ ఆపాను. దిగింది.

సెప్టెంబర్ 28, గురువారం

ఇడ్లీలు బాగున్నాయి, పిండి ఎక్కడిదని తిలగవతిని అడిగాను. ఎక్కడిదో ఇరవై ఏళ్ళుగా తెలుసు. మూత మీద పేరు ఉంటుంది. అయినా అడిగాను. ఆవిడ కూడా నాకు తెలియనట్టే, మూడో వీధి మిల్లుదండీ అంది. మిల్లు ఎవరిదో చెప్పలేదు.

మాసిలామణిది.

ఒకప్పుడు మా ఫ్యాక్టరీలో రంధ్రాలు వేసే యంత్రం మీద పనిచేసేవాడు. తొంభై ఏడులో కుడిచెయ్యి యంత్రం కింద పడింది. రెండు వేళ్ళు పోయాయి. బటన్ నేను నొక్కలేదు సార్, అదే దిగింది అన్నాడు. విచారణ జరిగింది. ఆ ప్యానెల్ కట్టింది నేను కాబట్టి నన్నూ పిలిచారు. ప్యానెల్ అంతా పరీక్షించాను, ఏ లోపమూ లేదు, యంత్రం తనంతట తాను కదలదు అని చెప్పాను, సంతకం పెట్టాను. మత్తులో ఉండి తనే నొక్కాడని తేల్చి పంపేశారు. అతను తాగుతాడని నేను అనలేదు. ఆ మాట కనగసభైది.

పరీక్షించాను. లోపం లేదు.

అక్టోబర్ 1, ఆదివారం

ఇళ్ళల్లో యంత్రాలు కట్టుకునేవాళ్ళ బృందం ఒకటి ఫోన్లో ఉంది. అక్కడ నా గోడు పెడితే ఎళిలరసి అనే ఆవిడ వచ్చి చూస్తానంది. నలభై ఏళ్ళుంటాయి. స్పిన్నింగు మిల్లులో కంట్రోల్ కార్డులు బాగుచేస్తుంది. స్కూటర్ మీద వచ్చింది, చేతిలో చిన్న టిఫిను డబ్బా అంత పెట్టె. నేను కొత్త కార్డు, కొత్త ఎర్త్, అన్నీ చూపించాను. ఆవిడ వాటి వంక చూడలేదు. ప్యానెల్ తలుపు తీసి జడ దగ్గరే ఆగింది.

"ఎంత బాగా కట్టారు సార్. మా మిల్లులో ముసలి మేస్త్రీ ఒకాయన కట్టేవారు, తర్వాత ఇదే చూడటం."

నేను మొహమాటంగా నవ్వాను.

"కత్తిరించెయ్యండి" అంది.

ఏమిటి అమ్మణీ నువ్వనేది అన్నాను. ఆవిడ వేలితో రెండు వైర్లు చూపించింది. ఒకటి వ్యాక్యూమ్‌ని వేసే, ఆపే స్విచ్చు, కాంటాక్టర్‌ది. ఇంకోటి స్టార్ట్ బటన్‌ది. జడలో రెండూ పక్కపక్కనే, ఈ కొస నుంచి ఆ కొసకి.

"వ్యాక్యూమ్ ఆపినప్పుడు ఆ కాంటాక్టర్‌లో తీగచుట్ట ఒక్క తన్ను తన్నుతుంది సార్. ఆ దెబ్బ పక్కనున్న వైరుకి తగులుతుంది. కార్డుకేం తెలుసు, మీ వేలే అనుకుంటుంది."

ముప్పై నాలుగేళ్ళు ఇలాగే కట్టాను, ఒక్కటీ తన్నలేదన్నాను.

"తన్నినా ఎలా తెలుస్తుంది సార్? వంద సార్లకి ఒకసారి తన్ని ఊరుకుంటుంది. మనం చూద్దామని నిలబడితే తన్నదు. పక్కనున్న మనిషే ఏదో చేసుంటాడు అనుకుంటాం."

కాఫీ తాగింది. చుట్టకి అడ్డంగా పెట్టమని చిన్న ముక్క ఒకటి పెట్టెలోంచి తీసి బల్ల మీద పెట్టింది. అది తన్నుని మింగేస్తుందట. దాన్ని సొరుగులో పడేశాను. నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళు.

అక్టోబర్ 2

కత్తిరించలేదు.

అక్టోబర్ 5, గురువారం

అప్పుడు మాసిలామణి ఇంకో మాట కూడా అన్నాడు. ఆసుపత్రిలో, చేతికి కట్టుతో. మొన్న రాసినప్పుడు గుర్తు రాలేదు.

"నీళ్ళు ఆగాయి సార్. నీళ్ళు ఆగాయి, అది దిగింది."

రంధ్రం వేసేటప్పుడు వేడెక్కకుండా నీళ్ళు పోసే చిన్న పంపు ఉండేది. దానికీ ఒక కాంటాక్టర్. దాని వైరూ జడలోనే. పక్కన ఏముండేదో గుర్తు లేదు. ఇరవై ఆరేళ్ళు.

అక్టోబర్ 8, ఆదివారం

చేతికి బదులు పుల్ల కింద ఒక వెదురు కర్ర పెట్టుకుని కూర్చున్నాను. యంత్రాన్ని పాజ్‌లో పెట్టడం, వ్యాక్యూమ్ వేసి ఆపడం. వేసి ఆపడం. నలభై సార్లకి మూడు సార్లు దిగింది.

ముడులు ఊడదీసి స్టార్ట్ వైరు ఒక్కదాన్నీ జడలోంచి బయటకి లాగి, గోడ పక్కన విడిగా పరిచాను. వంద సార్లు ఆపాను. ఒక్కసారీ దిగలేదు. మళ్ళీ జడలో పెట్టి కట్టాను. పదిహేడోసారి దిగింది. కర్ర చివర తెగింది.

భోజనానికి పిలిచినా వెళ్ళలేదు. తిలగవతి వచ్చి ఆ కర్రని చూసి, దీంతో ఎవర్ని కొడతారండీ అంది.

అక్టోబర్ 9

అటక మీద ఫ్యాక్టరీ వాళ్ళిచ్చిన పాత డైరీలు ఉన్నాయి. ఏ రోజు ఏ యంత్రం చూశానో అన్నీ రాసేవాడిని. తొంభై ఏడుది నీలం అట్ట. దింపాను. దుమ్ము దులిపాను. తెరవలేదు. ఏముంటుంది, పరీక్షించాను, లోపం లేదు అని ఉంటుంది.

అక్టోబర్ 12, గురువారం

ఒక ఉపాయం దొరికింది. స్టార్ట్ వైరుని బల్ల కింద ఇనుప గొట్టంలోంచి విడిగా తెచ్చాను. ఎళిలరసి ఇచ్చిన ముక్క కూడా చుట్టకి పెట్టాను, ఎవరి మీదో కోపంతో సొరుగులో ఎందుకుండాలి. ఇప్పుడు మూడొందల సార్లు ఆపినా ఉలకదు, పలకదు.

జడని మాత్రం కత్తిరించలేదు. బయటకి లాగిన వైరు స్థానంలో ఒక ఖాళీ వైరు పెట్టి కట్టేశాను, రెండు కొసలూ ఎక్కడా కలపకుండా. చూసేవాళ్ళకి చూడటానికి. పెళ్ళిలో సవరం పెట్టుకున్న వాళ్ళని ఎవరైనా తప్పు పడతారా.

అక్టోబర్ 23, సోమవారం. ఆయుధపూజ

తొమ్మిది మంది వచ్చారు. మరమరాలు, శనగలు, బెల్లం. యంత్రానికి గంధం పెట్టి అరటి పిలకలు కట్టాం. బూడిద గుమ్మడికాయ గుమ్మంలో కొట్టాను. కనగసభైకి డెబ్బై నాలుగేళ్ళు, కర్ర పట్టుకుని వచ్చాడు. ప్యానెల్ తలుపు తీయమన్నాడు. తీశాను.

చాలాసేపు చూశాడు. చూశారా, ఇదీ పని అంటే అన్నాడు అందరితో. వెళ్ళి వేలితో ముడులని తడిమాడు. ఖాళీ వైరునే తడిమాడు. నాకు ఛాతీ ఉబ్బింది. నిజం రాయాలంటే ఉబ్బింది.

అక్టోబర్ 24, మంగళవారం. విజయదశమి

పన్నెండు మందికి టిఫిను. తిలగవతి పిండి ఎక్కువ చెప్పింది. బిందె పెద్దదని మాసిలామణి తనే మోపెడ్ మీద తెచ్చాడు. వంటింటి గుమ్మం దగ్గర దించి వెళ్ళిపోయేవాడే. షెడ్డులో సందడి విని అటు నడిచాడు. వాకిట్లో నిలబడ్డాడు. గెడ్డం నెరిసింది. కుడిచెయ్యి పిండితో తెల్లగా ఉంది.

మొదటి కోత బాగా వచ్చింది. ఓంకారం. మధ్యలో పాజ్ నొక్కి, నేను ఎంత ధైర్యంగా చెయ్యి పెట్టగలనో చూపించాలని వ్యాక్యూమ్ ఆపాను. మోత ఆగగానే వాకిట్లో మాసిలామణి ఒక అడుగు వెనక్కి వేసి చెయ్యి వీపు వెనక దాచుకున్నాడు. ఎవరో పట్టుకుని లాగినట్టు, తెలియకుండానే.

కనగసభై చూశాడు. "ఎందుకయ్యా భయం? వేలుచ్చామి కట్టిన యంత్రం. తనంతట తాను కదలదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మాసిలామణి కూడా నవ్వాడు. దొంగకి తేలు కుట్టినట్టు నేను చెయ్యి అక్కడే పెట్టుకుని నిలబడ్డాను, తీయలేదు. నా యంత్రం ఇక దిగదని నాకొక్కడికే తెలుసు.

అక్టోబర్ 25, బుధవారం

నీలం అట్ట తెరిచాను. 1997 జూలై 16. నా చేతిరాతే, గుండ్రంగా, ముచ్చటగా.

"డ్రిల్లింగ్ యంత్రం. పొద్దుటి నుంచి పరీక్ష. నీళ్ళ పంపు ఆపితే ఒకసారి దిగింది. నేనొక్కడినే ఉన్నాను. స్టార్ట్ వైరు జడలోంచి తీసి విడిగా వేశాను. తర్వాత సవ్యం. ఏ లోపమూ లేదు."

విచారణ పద్దెనిమిదో తారీకున.

సెప్టెంబరులో పార్సిల్లో వచ్చిన ముక్కని తిట్టాను. గేట్లవాడితో పోట్లాడాను. పది కిలోల ఉప్పు పూడ్చాను. ఎళిలరసి ఒక్క చూపులో చెప్పిన సంగతి ఇరవై ఆరేళ్ళ కిందట నేనే కనిపెట్టి, నేనే రాసి, అటకెక్కించాను. మరిచిపోయానని రాద్దామనుకున్నాను. మరిచిపోకపోతే రెండోసారి కూడా జడ ఎందుకు కడతానని ఎవరైనా అడగవచ్చు కదా, అదే నాకు సాక్ష్యం. ఎవరూ అడగరు. ఇది నేను ఒక్కడినే చదివే పుస్తకం.

అప్పుడు చెప్పి ఉంటే ఏమయ్యేది. ఫ్యాక్టరీలో నా జడలు అరవై దాకా ఉన్నాయి. అన్నీ విప్పమనేవాళ్ళు. వేలుచ్చామి జడ అనే మాట ఉండేది కాదు. అంతే. అంతకంటే ఏమీ అయ్యేది కాదు.

అక్టోబర్ 26

చెబుతాను.

అక్టోబర్ 27, శుక్రవారం

చుట్టకి పెట్టిన ముక్క తీసేశాను. స్టార్ట్ వైరుని గొట్టంలోంచి లాగి జడలో దాని పాత చోట కట్టాను. రెండు వేళ్ళ ఎడానికి ఒక ముడి. తర్వాత మూడో వీధికి వెళ్ళి, ఒకసారి మా షెడ్డుకి రండి మాసిలామణీ అన్నాను. ఎందుకని అడగలేదు. గ్రైండర్ ఆపి, చెయ్యి కడుక్కుని వచ్చాడు.

స్టూలు వేసి కూర్చోబెట్టాను. చూస్తూ ఉండండి అని పాజ్ నొక్కి బటన్‌కి దూరంగా వచ్చి నిలబడ్డాను. వ్యాక్యూమ్ వేయడం, ఆపడం. పదకొండోసారి దిగింది.

అతను లేచి నిలబడ్డాడు.

"ఇంకోసారి" అన్నాడు.

ఈసారి ఇరవై దాటింది. దిగింది. ఇంకోసారి అన్నాడు. మూడోసారి దిగాక స్టూలు మీద కూలబడి, ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని ఏడ్చాడు. శబ్దం లేకుండా. అరవై ఏళ్ళ మనిషి.

"నీళ్ళు ఆగాయి అని ఎంత మందికి చెప్పానో సార్. మా ఆవిడ కూడా నమ్మలేదు. పోయేముందు కూడా, ఆ ఒక్కరోజు తాగకుండా ఉండాల్సింది మీరు అంది. నేను ఎప్పుడు తాగాను సార్?"

వైర్లు పక్కపక్కన ఉంటే ఏమవుతుందో ఎళిలరసి చెప్పినట్టే చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. జడని చూశాడు. అప్పుడు అడిగాడు.

"ఇది మీకు ఎప్పుడు తెలిసింది సార్?"

నీలం అట్ట డైరీ బల్ల మీదే ఉంది, అతని మోచేతి పక్కన. చెయ్యి చాపి తెరిచి ఆ పేజీ చూపిస్తే అయిపోయేది. అందుకే అక్కడ పెట్టాను. పొద్దున అందుకే పెట్టాను.

ఈ నెలలోనే అన్నాను.

అతను చాలాసేపు నా మొహం చూశాడు. తర్వాత లేచి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ కుడిచేతి పట్టు ఎలా ఉంటుందో ఇప్పటిదాకా నాకు తెలియదు.

"తెలియక జరిగింది సార్. తెలిసిన నాడే పిలిచి చూపించారు. ఇంకొకరైతే గుట్టుగా కప్పేసేవాళ్ళు."

కాగితం మీద రాసివ్వమన్నాడు. వాళ్ళావిడ ఫోటో పక్కన పెట్టుకుంటాడట. రాశాను. "1997లో యంత్రం తనంతట తానే కదిలింది. మాసిలామణి బటన్ నొక్కలేదు. ఇది నేను 2023 అక్టోబరులో కనుగొన్నాను." సంతకం పెట్టాను. నా సంతకం ఏమీ మారలేదు.

అక్టోబర్ 29, ఆదివారం

మాసిలామణి వీధంతా చెబుతున్నాడట. వేలుచ్చామి సార్ లాంటి మనిషి ఈ ఊళ్ళో లేడని. గేట్లవాడు పొద్దున కళ్ళజోడు తీసి నమస్కారం పెట్టాడు. తిలగవతి నాతో మామూలుగా మాట్లాడే దానికంటే మెత్తగా మాట్లాడుతోంది, నాకు భయంగా ఉంది. కనగసభై ఫోన్ చేస్తే ఎత్తలేదు.

జడ కత్తిరించేశాను. నీలం అట్టని మళ్ళీ అటక మీద పెట్టాను. ఈ డైరీ నిండాక దీన్నీ అక్కడే పెడతాను.

మాసిలామణి పిండి పంపాడు. ఇకమీదట ప్రతి ఆదివారం పంపుతాడట, కాదనవద్దని కబురు చేశాడు. ఇడ్లీలు మల్లెపూలలా వచ్చాయి. నాలుగు తిన్నాను. తిలగవతి ఇంకో రెండు వేసింది. అవీ తిన్నాను.